గోడంత తెర, గింజంత చుక్క

కంటితో చూడవలసిన సంగతిని చెవితో వినువారికి చెప్పబూనుట కొంత సాహసమే. అయినను నేటి ప్రసంగ విషయము అట్టిదే. కావున శ్రోతలు ముందుగా మనసులోనే మాతో కూడ జగిత్యాల కోట యొద్దకు రావలెనని కోరుచున్నాము.

ఆ కోట నక్షత్రాకారమున కట్టబడినదని అందరును చెప్పుదురు. కాని గోడ ప్రక్కన నిలుచుండి చూచువానికి నక్షత్రము ఎచ్చటను కనబడదు. కనబడునది రాయి, రాతి సందున మొలచిన గడ్డి, ఒక మలుపు, దాని వెనుక మరియొక మలుపు. ఆకాశమునుండి తీసిన చిత్రమును చూచినచో నక్షత్రము తన కోణములన్నిటితో ఒక్కసారిగా కంటబడును. అయితే అప్పుడు రాయి మాయమగును, రాతి పగులు మాయమగును. కోటను బాగుచేయదలచిన ఇంజనీరునకు ఈ రెండును కావలెను. ఏ పగులు ఏ కోణమున ఉన్నది, ఆ కోణముననే గోడ ఏల దెబ్బతినుచున్నది అని ఆలోచింపవలెనన్న రాయియు నక్షత్రమును ఒకేమారు కంటి యెదుట నుండవలెను.

మొత్తమును, వివరమును ఏకకాలమున చూడగోరుట మనిషికి పాత కోరికయే. ఆ కోరికను తీర్చుటకై ఇటీవలి కాలమున శాస్త్రజ్ఞులు గోడంత తెరలను, వాటిలో గింజకన్నను సన్నని చుక్కలను కూర్చి సాధనములు నిర్మించిరి. ఈ సాధనములేమి, వాటివలన ప్రయోజనమేమి అనునది మన ప్రాంతపు ఉదాహరణములతోనే చెప్పుదుము.

జగిత్యాలకు పడమట కోరుట్ల, దక్షిణమున సిరిసిల్ల ఉన్నవి. 2016 అక్టోబరు 11వ తేదీన కొత్త జిల్లాలు ఏర్పడువరకు మూడు ఊళ్ళును కరీంనగరు జిల్లాలోనివే. ఆనాటినుండి మొదటి రెండును జగిత్యాల జిల్లాలోను, మూడవది రాజన్న సిరిసిల్ల జిల్లాలోను ఉన్నవి. భారత సర్వేక్షణ శాఖవారి పాత వరుస పటములలో ఈ ప్రాంతమంతయు ‘56 జె’ అను ఒక పెద్ద గడిలో చేరినది. ఆ గడిని మరల 16 షీట్లుగా విభజించిరి. అందులో కోరుట్ల 9వ షీటునను, జగిత్యాల 13వ షీటునను, సిరిసిల్ల 15వ షీటునను పడినవి. పొరుగూళ్ళే అయినను పటమున ముగ్గురిదీ వేరు కాపురము.

కిలోమీటరు నేలకు రెండు సెంటీమీటర్ల కాగితము చొప్పున గీచిన ఈ షీటు ఒక్కొక్కటి ఇంచుమించు 55 సెంటీమీటర్ల చదరము. మూడు ఊళ్ళును, నడుమనున్న నేలయు ఒకే పటముగా కావలెనన్న ఆరు షీట్లు అతికింపవలెను. అప్పుడది నిలువున ఒక మనిషి యెత్తును, అడ్డమున ఒక మీటరు పైచిల్లరయు అగును. బల్ల చాలదు. గోడకు వ్రేలాడదీయవలెను, లేదా నేలమీద పరచి మోకాళ్ళపై కూర్చుండి చూడవలెను. పూర్వపు సర్వేవారును, నీటిపారుదల ఇంజనీర్లును చేసినది అదియే. దూరముగా నిలిచి వాగుల నడకను చూచెడివారు. వంగి దగ్గరకు వచ్చి ఒక్కొక్క చెరువు కట్టను చూచెడివారు.

కాగితపు పటమునకు ఈ గొప్ప గుణమున్నది. దానికి లోపమును ఒకటున్నది. అది మారదు. నిన్న రాత్రి కోరుట్లలో ఎంత వాన పడినది, నేటి ఉదయము చెరువులో నీరెంత ఉన్నది అనునది అందు కనబడదు. తరువాత కంప్యూటరు వచ్చినది. అందలి పటము క్షణక్షణమును మారగలదు. కాని దాని తెర ఒక పళ్ళెమంత. మారు గుణము లభించినది గాని, విశాలమైన చూపు పోయినది. పెద్ద తెరలు చేయుచున్న పని యేమనగా, పోయిన ఆ విశాలతను మరల తెచ్చి, మారు గుణముతో కూర్చుట. ఇంతకన్న వింత యేమియు లేదు.

ఇక చుక్క యన నేమో చూతము. దీనిని మనకు చెప్పగలవారు సిరిసిల్ల నేతపనివారు.

గుడ్డయందు నిలువున పడుగు, అడ్డమున పేక ఉండును. పడుగును పేక దాటిన ప్రతి చోటును ఒక చిన్న బిందువు. ఏ బిందువున పడుగు పైకి రావలెను, ఏ బిందువున పేక పైకి రావలెను అను నిర్ణయమునుండియే పువ్వు, లత, అంచు ఏర్పడును. కావుననే నమూనా గీయువారు గళ్ళ కాగితము మీద గీయుదురు. ఒక గడి ఒక బిందువు. 1804వ సంవత్సరమున ఫ్రాన్సు దేశీయుడైన జోసెఫ్ మారీ జకార్డు ఈ గళ్ళను రంధ్రములుగల అట్టలలోనికి మార్చి, మగ్గమునే నమూనా చదువునట్లు చేసెను. అట్టి రంధ్రముల అట్టలతోనే 1890 నాటి అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హోలెరిత్ యంత్రములచే లెక్కించెను. నేతకును లెక్కకును ఉన్న చుట్టరికము నేటిది కాదు.

కంప్యూటరు తెరయు ఇట్టి నేతయే. నిలువు వరుసలు, అడ్డు వరుసలు కలిసిన ప్రతి చోటును వెలుగునట్టి ఒక చుక్క. దానిని పిక్సెల్ అందురు. మేము చుక్క యనియే చెప్పుదుము. నేడు మన ఇండ్లలో సాధారణముగా కనబడు హెచ్.డి. టెలివిజను తెరయందు అడ్డమున 1,920, నిలువున 1,080 చుక్కలు. మొత్తము 20 లక్షల 73 వేల పైచిలుకు. అంగుళమునకు 60 పడుగు పోగులు, 60 పేక పోగులు గల గుడ్డను తీసికొందము. ఒక చదరపుటంగుళమున 3,600 బిందువులుండును. లెక్క వేసినచో టెలివిజను తెరయందలి చుక్కలన్నియు సరిగా రెండడుగుల చదరపు గుడ్డలో ఇమిడిపోవును. అదే గుడ్డతో 47 అంగుళముల వెడల్పున, ఆరు గజముల పొడవున నేసిన చీరలో 3 కోట్ల 65 లక్షల బిందువులు! అనగా ఒక్క చీర 17 టెలివిజను తెరలకన్న అధికము. ఈ లెక్క విన్నప్పుడు మన మగ్గములమీద గౌరవము పెరుగుట సహజము.

ఇచ్చట ఒక పొరపాటును తొలగింపవలెను. తెర పెద్దదైనంత మాత్రమున చుక్కలు ఎక్కువగునని అనుకొనరాదు. సినిమా హాలులోని తెర ఎంత పెద్దది! కాని సాధారణమైన డిజిటల్ ప్రదర్శనమున ఆ తెరపై పడునవి 2,048 చుక్కల అడ్డమును, 1,080 చుక్కల నిలువును గల బొమ్మయే. మొత్తము 22 లక్షలు. ఇంటి టెలివిజనుకును దానికిని భేదము అత్యల్పము. చుక్కలు సాగదీయబడినవి, అంతియే. కూడళ్ళలో వెలుగు ప్రకటన బోర్డులును అట్టివే. దగ్గరకు పోయి చూచినచో ముఖములు పోయి బొట్లు మిగులును. వట్టి పెద్ద తెర దూరపు చూపునకు మాత్రమే పనికివచ్చును. పెద్దదై, అందలి చుక్కలు సన్ననివై ఉన్నప్పుడే దూరపు చూపునకును దగ్గరి చూపునకును పనికివచ్చును. మేము చెప్పుచున్నది ఆ రెండవ జాతి తెరను గూర్చి.

అన్ని చుక్కలతో పనియేమి అని శ్రోతలడుగవచ్చును. మన మూడు ఊళ్ళతోనే లెక్క కట్టి చూతము.

2005 మే 5వ తేదీన శ్రీహరికోటనుండి కార్టోశాట్-1 అను ఉపగ్రహము ఆకాశమునకు పోయినది. అది సుమారు 30 కిలోమీటర్ల వెడల్పున నేలను, రెండున్నర మీటర్లకొక చుక్క చొప్పున చిత్రించినది. 30 కిలోమీటర్ల వెడల్పునకు 12,000 చుక్కలు. కోరుట్లనుండి జగిత్యాలకు గీతగీచినట్లు కొలిచిన దూరము ఈ వెడల్పులో ఇమిడిపోవును. సిరిసిల్లను కూడ చేర్చవలెనన్న ఉత్తర దక్షిణములుగా 60 కిలోమీటర్లు తీసికొన్న చాలును. అది 24,000 చుక్కలు. మొత్తము 28 కోట్ల 80 లక్షల చుక్కలు. వీటిని ఒక్కటియు విడువక చూపవలెనన్న 139 హెచ్.డి. తెరలు కావలెను. నాలుగింతలు చుక్కలున్న 4-కె తెరలైనచో 35 కావలెను.

అట్లుగాక 60 కిలోమీటర్ల నేలను ఒకే హెచ్.డి. తెర నిలువున ఇరికించితిమనుకొందము. అప్పుడు ఒక్కొక్క చుక్క 55 మీటర్ల చదరపు నేలకు ప్రతినిధి యగును. మన లెక్కలో చెప్పవలెనన్న సుమారు 30 గుంటలు. ఆలోచింపుడు: మనలో ఎందరో రైతులకున్న భూమి అంతయే. అతని మడి, బావి, గట్టుమీది తాడిచెట్టు, ఎండిన మూల, పచ్చని మూల—సర్వమును ఒకే చుక్కయై, ఒకే రంగున కలసిపోవును. బొమ్మను పెంచి అతని చేనును చూచితిమా, కాలువ ఎచ్చటనుండి వచ్చుచున్నదో తెలియకుండ చుట్టుప్రక్కల లోకము తెరనుండి జారిపోవును. చిన్న తెరపై కాలువ కనబడిన రైతు కనబడడు. రైతు కనబడిన కాలువ కనబడదు. పెద్ద తెరల అవసరమంతయు ఈ ఒక్క మాటలో నున్నది.

బొమ్మను పెంచుచు తగ్గించుచు చూడవచ్చును గదా, దానికై గోడంత తెర యేల అని మరియొక ప్రశ్న. మంచి ప్రశ్నయే. దీనికి సమాధానము మన కన్నులోను, కాళ్ళలోను ఉన్నది.

బట్టల దుకాణములో ఇల్లాలు చీరను ఎన్నుకొను విధమును చూచినవారికి ఇది వెంటనే తెలియును. ముందు దుకాణదారు చీరను బారెడు పరచును. ఆమె వెనుకకు జరిగి అంచును, కొంగును కలిపి చూచును. తరువాత ముందుకు వంగి, ఒక మూల చేతబట్టి, పోగును కంటి దగ్గర పెట్టుకొని చూచును. మరల వెనుకకు జరుగును. ఇన్నిసార్లు ముందు వెనుకలకు పోయినను తాను చీరలో ఏ భాగమును చూచుచున్నదో ఆమె ఎన్నడును మరచిపోదు. ఏలయనగా కదలినది ఆమెయే గాని చీర కాదు.

కంటి శక్తికిని ఇందుకును సంబంధమున్నది. ఆరోగ్యమైన కన్ను ఇంచుమించు డిగ్రీలో 60వ వంతు కోణమును వేరుచేయగలదు. 60 సెంటీమీటర్ల దూరమునుండి చూచునప్పుడు అది 0.17 మిల్లీమీటరు. మూడు మీటర్ల దూరమునుండి చూచునప్పుడు 0.87 మిల్లీమీటరు. కావున పావు మిల్లీమీటరు చుక్కలుగల గోడను దూరమునుండి చూచినచో ప్రక్క ప్రక్కనున్న చుక్కలు కలసిపోయి రంగుల పొందిక మాత్రము కనబడును. నాలుగడుగులు ముందుకు వేసినచో చుక్కలు విడివడును. మీట నొక్కనక్కరలేదు, నడక చాలును.

అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయమున రాబర్ట్ బాల్, క్రిస్ నార్త్, డగ్ బౌమన్ అను పరిశోధకులు 24 తెరలను కూర్చిన గోడపై దీనిని పరీక్షించి, 2007లో ఫలితములను ప్రకటించిరి. పటము మీద ఇండ్ల వివరములను పరచి, కొన్ని ప్రశ్నలకు సమాధానములు వెదకుమని చూచువారినడిగిరి. తెర వెడల్పు పెంచినకొలది మనుష్యులు ఎక్కువగా కదలిరి. బొమ్మను పెంచి తగ్గించుట తగ్గించుకొనిరి. పని త్వరగా ముగిసినది. చిన్న తెరపై బొమ్మను పెంచినప్పుడెల్ల మనము ఎచ్చటనున్నామో మనసులో గుర్తుంచుకొనవలెను. ఆ గుర్తుంచుకొనుటలోనే సగము శక్తి వ్యయమగును. పెద్ద తెర ఆ భారమును మనసుమీదనుండి దించి కాళ్ళకు అప్పగించినది.

అదే విశ్వవిద్యాలయమున క్రిస్టఫర్ ఆండ్రూస్, అలెక్స్ ఎండెర్ట్, క్రిస్ నార్త్ 2010లో వెల్లడించిన మరియొక పరిశీలన కలదు. అనేకమైన పత్రములు చదివి నిజము తేల్చవలసిన పనివారికి పెద్ద తెరనిచ్చి చూచిరి. వారు పత్రములను పోలికనుబట్టి తెరపై గుంపులు గుంపులుగా పెట్టుకొనిరి. తెరయందలి చోటే వారికి జ్ఞాపకమైనది. ఇంటిలో భూమి పంపకముల నాడు పెద్దలు దస్తావేజులను చాపమీద పరచి, అన్నగారివి ఒక ప్రక్క, తమ్మునివి ఒక ప్రక్క, తగాదాలో ఉన్నవి నడుమ పెట్టుకొనుట మనమెరుగనిదా? ఆ చాపయే గోడకెక్కినది.

ఈ తెరలు ఎట్లు నిర్మింపబడును? అంత పెద్ద తెరను ఒకే పలకగా చేయుట కష్టము. కావున అనేకములైన సాధారణపు తెరలను పెంకులవలె ప్రక్క ప్రక్కన పేర్చుదురు. కొన్ని తెరలకొక కంప్యూటరు చొప్పున ఏర్పాటుచేసి, వాటిపై నొక పెద్ద కంప్యూటరు ఎవరి వంతు బొమ్మను వారికి పంచునట్లు చేయుదురు. అందరును ఒకే క్షణమున బొమ్మ మార్చవలెను. ఒక తెర రెప్పపాటు వెనుకబడినను కదలుచున్న వాగు నడుమ తెగినట్లుండును. తెరకును తెరకును నడుమ చట్రములు కిటికీ కమ్ములవలె అడ్డుపడును. కన్ను కొంతసేపటికి వాటికి అలవాటుపడును గాని, చిన్న అక్షరములు కమ్మి క్రింద పడినచో చిక్కే.

1994లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ‘పవర్‌వాల్’ అను తెరను నాలుగు ప్రొజెక్టర్లతో నిర్మించిరి. అందు 3,200 అడ్డమును, 2,400 నిలువును, మొత్తము 76 లక్షల 80 వేల చుక్కలు. ఆనాడు అది అద్భుతము. నేడు ఇంటిలోని 4-కె టెలివిజనులో అంతకన్న ఎక్కువ ఉన్నవి. 2005 ప్రాంతమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఇర్విన్ శాఖలో 50 తెరలతో 20 కోట్ల చుక్కల ‘హైపర్‌వాల్’ వచ్చినది. 2008లో టెక్సాస్ విశ్వవిద్యాలయమున 75 తెరలతో 30 కోట్ల 70 లక్షల చుక్కల ‘స్టాలియన్’ వచ్చినది. మన కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లల చిత్రమునందలి చుక్కలకన్న దాని చుక్కల సంఖ్య ఎక్కువ. 2012లో న్యూయార్కు రాష్ట్రమందలి స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయమున ‘రియాలిటీ డెక్’ అను పేర ఒక గదినే కట్టిరి. నాలుగు గోడలకును 416 తెరలు. 150 కోట్ల చుక్కలు. అందు నిలుచున్నవాడు బొమ్మను చూచుట కాదు, బొమ్మలో నిలుచుటయే.

ఇంత దూరము పోనక్కరలేదు. మన హైదరాబాదులోనే తెరల గోడలు పనిచేయుచున్నవి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ మన తీరములను ముంచెత్తిన పిమ్మట, హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార కేంద్రమున 2007 అక్టోబరులో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రము నెలకొన్నది. సముద్రమునకు ఎంతో దూరమున, దక్కను రాళ్ళమీద కూర్చుండి ఆ కేంద్రపు ఉద్యోగులు సముద్రమును కాచుచున్నారు. భూకంప సూచికలు, సముద్రగర్భమున నీటి పీడనమును కొలుచు పరికరములు, తీరములందలి నీటిమట్టపు కొలతలు—ఇవన్నియు వారి యెదుట నున్న గోడపై ఒక్కచోట చేరును. భూమి కంపించినంత మాత్రమున అల పుట్టదు. కంపనము ఎచ్చట, ఎంత లోతున, దాని దరినున్న పరికరము నీటిలో మార్పు చూపినదా లేదా అని నిమిషములలో తేల్చవలెను. ఒక్కొక్కరు ఒక్కొక్క చిన్న తెర చూచుచు ఒకరికొకరు కేకలు వేసికొనుటకన్న, అందరును ఒకే గోడను చూచి ఒకే మాట మీదికి వచ్చుట మేలు. పెద్ద తెరయొక్క మరియొక ప్రయోజనమిది: అది పదిమంది కలసి ఆలోచించు రచ్చబండ.

2022 ఆగస్టు 4వ తేదీన హైదరాబాదు బంజారాహిల్సునందు ప్రారంభమైన పోలీసు కమాండ్ కంట్రోలు కేంద్రములోను పెద్ద తెరల గోడ కలదు. అయితే కెమెరాల బొమ్మలను వందలుగా ప్రక్క ప్రక్కన చూపుట ఒక పని. లెక్కలన్నిటిని ఒకే బొమ్మగా అల్లి చూపుట మరియొక పని. మొదటిది కాపలా, రెండవది విశ్లేషణ. గోడ ఒక్కటే అయినను రెండింటిని కలగాపులగము చేసికొనరాదు.

ఇప్పుడు మరల మన ఊళ్ళకు వత్తము. ఈ సాధనము ఇచ్చట ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలదు?

ఉత్తరమున ధర్మపురి మీదుగా గోదావరి, దక్షిణమున సిరిసిల్ల నానుకొని మానేరు. 1963 జూలై 26వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టునుండి, అనగా నేటి శ్రీరాంసాగరునుండి, కాకతీయ కాలువ మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతముల మీదుగా దిగువ మానేరు జలాశయమునకు పోవును. వరద కాలువ మధ్య మానేరునకు పోవును. ఈ విధముగా గోదావరి నీరు మానేరును చేరుచున్నది. పెద్ద కాలువనుండి డిస్ట్రిబ్యూటరీలు, వాటినుండి పిల్లకాలువలు, వాటినుండి మళ్ళు. పై రైతునకు నీరందును. ఆయకట్టు చివరి రైతు ఆకాశము వంక చూచుచుండును. నీరేమయినది? పైవారు ఎక్కువ తీసికొనిరా? నడుమ గండిపడినదా? తూము పూడినదా? విడుదలచేసిన నీటి లెక్క ఒక పుస్తకమునను, సాగైన భూమి లెక్క ఒక పుస్తకమునను, ఫిర్యాదులు ఒక కట్టలోను ఉండును. కాలువ పొడవంతయు, ఇరుప్రక్కలనున్న ప్రతి మడియు ఒకే గోడపై కనబడినచో, పచ్చదనము ఏ పిల్లకాలువ యొద్ద ఆగిపోయినదో దూరమునుండి ఒక గీతవలె కనబడును. దగ్గరకు పోయినచో ఆ గీత ఏ తూము దగ్గర మొదలయినదో తెలియును. తరువాత సైకిలెక్కి అచ్చటికి పోయి చూచుటకు ఒక్క మనిషి చాలును.

వరదల విషయమును ఇట్టిదే. 2021 సెప్టెంబరులో భారీ వర్షములకు సిరిసిల్ల పట్టణపు వీధులు, లోతట్టు కాలనీలు నీట మునిగినవి. మన ప్రాంతపు చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దుమికినచో ఆ నీరు ఒర్రెలబడి క్రింది చెరువునకు వచ్చును. అది నిండి మత్తడి దుమికినచో ఆ క్రిందిదానికి. ఈ వరుసలో ఎచ్చటనో ఒక ఒర్రె ఇండ్ల నడుమ ఇరుకైనచో నీరు వీధులు పట్టును. మండలములవారీ వాన లెక్క, చెరువుల మట్టము, పట్టణపు ఎత్తుపల్లములు, మురుగు కాలువల దారి—ఈ నాలుగును నాలుగు కాగితములలో ఉన్నంతకాలము ఏ ఒక్కటియు అబద్ధము చెప్పదు. కాని ఏ ఒక్కటియు నిజము పూర్తిగా చెప్పదు. నాలుగును ఒకదానిపై నొకటి పరచినప్పుడే, పై ఊరి వాన ఎన్ని గంటలకు క్రింది వీధికి చేరునో ఊహింపవచ్చును. వానల దినములలో మేఘములు అడ్డుపడి సాధారణపు ఉపగ్రహ చిత్రములు పనికిరావు. మేఘములగుండ చూడగల రాడారు ఉపగ్రహములను ఇస్రోవారు 2012లో రిసాట్-1, 2022 ఫిబ్రవరి 14న ఇ.ఓ.ఎస్.-04 అను పేర్లతో పంపిరి. కావున చిత్రములకు కొరత లేదు. కొరతయెల్ల వాటిని ఒక్కచోట తీరికగా, సంపూర్ణముగా చూచుటయందే.

అయితే తెరల గోడ మంత్రదండము కాదు. దానితోడి ప్రమాదములును చెప్పకపోయినచో మా ప్రసంగము అసంపూర్ణమగును.

మొదటిది: కన్ను లేని పోలికలను కూడ చూచును. మేఘములలో ఏనుగును చూచు కన్ను చుక్కలలోను ఏనుగును చూడగలదు. గోడపై కనబడినది అనుమానమునకు ఆరంభమే గాని నిర్ణయము కాదు. రెండవది: పటమున తెల్లగా మిగిలిన చోటు వాన పడని ఊరు కావచ్చును, వాన లెక్క చేరని ఊరును కావచ్చును. ఈ రెంటికిని ఒకే రంగు వేసినచో గొప్ప అన్యాయము జరుగును. లెక్క రాని చోటును వేరు గుర్తుతో చూపుట పటము గీయువాని ధర్మము. మూడవది: ఎరుపు, ఆకుపచ్చల భేదము కనబడనివారు మనలో కొందరున్నారు, వారికిని తెలియునట్లు రంగులను ఎన్నుకొనవలెను. నాలుగవది: ప్రశ్న లేని గోడ అలంకారమే. అతిథులు వచ్చినప్పుడు వెలిగించి, పోయిన పిమ్మట ఆర్పివేయు తెరవలన చివరి మడికి చుక్క నీరైనను చేరదు.

చిన్న ప్రశ్నలకు చిన్న తెరయే చాలును. ఒక్క చెరువు మట్టము తెలియుటకు గోడ అక్కరలేదు. ఒక ఊరి సంగతి వేయి ఊళ్ళ సంగతితో ముడిపడి ఉన్నప్పుడే గోడ కావలెను.

గోడంత తెర లేదని నిరాశపడనక్కరలేదు. 2009లో ఇస్రోవారు ప్రారంభించిన ‘భువన్’ అను సైటులో మన దేశపు ఉపగ్రహ చిత్రములను ఎవరైనను చూడవచ్చును. ఒక పాఠశాల ఉపాధ్యాయుడు తమ మండలపు చిత్రమును ముక్కలు ముక్కలుగా అచ్చువేయించి, పిల్లలచేత గోడకు అతికింపజేసి, ప్రతి పిల్లవానిని తన ఇంటి చేనును గుర్తింపుమనినచో ఎట్లుండును? పిల్లవాడు ముందు ముక్కు ఆనించి తన చేనును వెదకికొనును. ఆ పిమ్మట పది అడుగులు వెనుకకు వచ్చి, తన చేనికి నీరు ఎవరి ఊరి మీదుగా వచ్చుచున్నదో, తన చేని నీరు ఎవరి ఊరికి పోవుచున్నదో చూచును. కోటి రూపాయల తెరయు నేర్పునది ఈ పాఠమునే.

జగిత్యాల కోటగోడ ప్రక్కన నిలిచినవానికి నక్షత్రము కనబడదని మొదట చెప్పితిమి. పైనుండి చూచినవానికి రాయి కనబడదనియు చెప్పితిమి. పరిపాలించువారు పైనుండి చూతురు. బ్రతుకువారు గోడ ప్రక్కన నిలిచి చూతురు. ఇరువురును ఒకే గోడ యెదుట నిలిచి, ఒకే బొమ్మను, ఒకరు ముందుకు వచ్చియు, ఒకరు వెనుకకు జరిగియు చూచిన దినమున 30 గుంటల రైతు ఒక చుక్కలో కరగిపోడు. ఆ చుక్కలో అతని మడి అతనికి కనబడును. ఆ మడికి రావలసిన నీరు అందరికిని కనబడును.